చెవులు కప్పిన టోపీ

*జనవరి నెల, మధ్యాహ్నం మూడు గంటలు. అతోక్ కొండ మీద కూరగాయల సంత. వేదిక వెనక టార్పాలిన్ కింద ఇద్దరు: డ్రమ్ములు వాయించే డెల్ఫిన్, బేస్ గిటార్ వాయిస్తూ పాడే మార్సెలా.*

"...అందుకే చెప్తున్నా డెల్ఫిన్ అన్నా, ముందు ఆ చేతులు జేబుల్లోంచి తియ్. ఇదిగో, అల్లం టీ. జాగ్రత్త, కాలుతోంది."

"కాలా? కాలు బాగానే ఉంది. పెడల్ తొక్కితే అదే వేడెక్కుతుంది."

"కాలు కాదు. టీ! కాలుతోంది అంటున్నా."

"ఆ, టీ. అదే అంటున్నా నేనూ. ఇటివ్వు. అబ్బా... వేళ్ళలోకి ప్రాణం వచ్చింది మార్సెలా. పొద్దున లేచి చూద్దును కదా, కుళాయిలో నీళ్ళు గడ్డకట్టాయి. పక్కింటాయన క్యాబేజీ తోట మొత్తం తెల్లగా, ఉప్పు చల్లినట్టు."

"మా ఇంట్లో ఎవరికీ నిద్రే లేదు. ఎండ తగిలేలోగా మంచు కడక్కపోతే ఆకులు మాడిపోతాయని తెల్లారకముందే నీళ్ళు కొట్టాం. నా గొంతు చూడు ఎలా అయిందో."

"ఆ మఫ్లర్ తీసెయ్. పాడేదానివి, మూతి కట్టుకుని కూచుంటావేంటి? ఊపిరాడొద్దూ?"

"పాడేదాన్ని కాబట్టే కట్టుకున్నా. ఈ గాలి గొంతులోకి పోయిందంటే ఇంక పాట లేదు, దగ్గే."

"తియ్యమంటున్నానా?"

"తియ్యనంటున్నానా? నీకెందుకు నా మూతి సంగతి? నువ్వు ఆ ఉన్ని టోపీ కళ్ళ దాకా లాక్కున్నావు, నేనేమైనా అన్నానా?"

"సరే సరే. ఈ కర్రలు చూడు, ఇనపకడ్డీల్లా ఉన్నాయి. కాసేపు చంకలో పెట్టుకుంటా. సింబల్ పళ్ళెం కూడా ఈ చలికి పెళుసైపోతుంది. గట్టిగా కొడితే చీలుతుంది. ఆగు, ఈ చిన్న డ్రమ్ము కొంచెం బిగించాలి."

"అన్నా, నువ్వు దాన్ని బిగిస్తూనే విను. నీ మొహం చూస్తూ చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. లుది వదిన పొద్దున నాకు మెసేజ్ పెట్టింది. నీకు చేస్తే ఎత్తవుగా మరి. తైవాన్‌లో తను చూసుకునే ముసలావిడ లేదూ, ఆవిడ కూతురు ఇంకో మూడేళ్ళు ఉండమంటోందట. కాగితం వచ్చిందట. ఐదింటికల్లా తేల్చాలట. సంతకం పెట్టనా, ఇంటికొచ్చెయ్యనా అని నిన్ను అడిగి చెప్పమంది... అన్నా? వింటున్నావా? సంతకం పెట్టనా అంటోంది."

"పెట్టెయ్యమను."

"ఏంటీ?"

"పెట్టెయ్యమను. దానికి అడగడం ఎందుకు?"

"అంతేనా? ఒక్క నిమిషం ఆలోచించవా?"

"ఎప్పుడూ ఉండేదే కదా. కొత్తేముంది?"

"ఇదే మాట చెప్పెయ్యనా? ఇలాగే?"

"చెప్పు, చెప్పు. ఈ మర తిరగట్లేదేంటి, చలికి బిగుసుకుపోయింది."

"నీది గుండె కాదన్నా. ఆరేళ్ళయింది ఆవిడ వెళ్ళి. ఆరేళ్ళు! సరే. చెప్తాను. అక్షరం మార్చకుండా చెప్తాను. ఎంత చక్కగా అన్నావో అంత చక్కగానే టైపు చేస్తాను."

"అదిగో, గాస్పర్ వస్తున్నాడు. ఏంటోయ్ గాస్పర్, సంత పెద్దమనిషీ, జనం వచ్చారా?"

"వచ్చారన్నా. అందరూ దుప్పట్లు కప్పుకుని మూటల్లా కూచున్నారు. ఎవరు ఎవరో ముక్కు చూసి పోల్చుకోవాలి. నీకోసం ఒక మంచి ఏర్పాటు చేశాను, రా చూద్దువుగాని. చెక్క పలకలు మంచుగడ్డల్లా ఉన్నాయని నీ డ్రమ్ముల కింద గోనె సంచులు నాలుగు వరసలు పరిపించా. దానిమీద మా ఇంట్లో పరుపు. పైన కంబళి."

"పరుపా?"

"పరుపే! నీ స్టూలు కూడా దాని మీదే. మెత్తగా, వెచ్చగా."

"నేను వాయించడానికి వచ్చానా, పడుకోవడానికి వచ్చానా? తీసెయ్."

"అదేంటన్నా?"

"తీసెయ్యమన్నాను. డ్రమ్ము జారుతుంది."

"జారదు. చుట్టూ చెక్కలు పెట్టి మేకులు కొట్టించా. తోసి చూడు, కదిలితే నన్నడుగు."

"నాకు చెక్క మీదే అలవాటు. ఉత్త చెక్క మీద వెయ్యండి. చెప్పులు కూడా తీసి వాయిస్తాను నేను."

"ఈ చలిలో చెప్పుల్లేకుండానా? మార్సెలా అక్కా, నువ్వైనా చెప్పు. పొద్దున నాట్యం చేసిన ఆడవాళ్ళకి పాదాలు మొద్దుబారిపోయి, ఇద్దర్ని మోసుకొచ్చాం. ఈయనకి ఏమైనా అయితే కమిటీ నన్ను తిడుతుంది."

"ఊరుకో అన్నా. పాపం, వాళ్ళింటి పరుపు తెచ్చి వేస్తే తీసెయ్ తీసెయ్ అంటావేంటి? ఎంత నొచ్చుకుంటాడు? పద, పిలుస్తున్నారు."

*వేదిక మీద, రెండో పాట తర్వాత. లోయలోంచి పొగమంచు పైకి లేచి మైదానమంతా కమ్మేసింది.*

"మార్సెలా! ఇటు జరుగు. వెనక్కి. ఇంకా వెనక్కి."

"మైకు ఇక్కడుంది అన్నా. నెత్తిన పెట్టుకుని రానా?"

"ఏంటి?"

"మైకు!"

"ఇటు తిరిగి చెప్పు. అటు తిరిగి గొణిగితే ఎలా?"

"మైకు ఇక్కడుంది, కదలడం కుదరదు అంటున్నా. ఏమైంది నీకు? రెండో పాటలో పరిగెత్తావు. సిప్రియానో గిటార్ పట్టుకుని నీ వెనకాల రొప్పుకుంటూ వచ్చాడు."

"వేళ్ళు బిగుసుకుపోయాయి. చలి. కర్ర పట్టు చిక్కట్లేదు. ఆ లైట్లు ఆపమను."

"ఆపితే జనానికి మనం కనపడం."

"వేస్తే నువ్వు నాకు కనపడట్లేదు. మంచు మీద పడి అంతా తెల్లగా ఉంది. నీ నడుం నుంచి కింద ఏమీ లేదు."

"నా నడుం కింద ఏముంటే నీకెందుకన్నా? ఇవేమన్నా పెళ్ళిచూపులా? సరే, నవ్వులాట చాలు. ఇప్పుడు లారీ పాట. మామూలు నడక. చివర నేను 'మలుపు దాటింది' అని లాగుతాను. నాలుగు దెబ్బలు, టక్కున ఆపెయ్. విన్నావా?"

"విన్నాను."

"ఏమన్నాను?"

"లారీ పాట."

"చివర?"

"చివర ఎప్పట్లాగే. పాడు, పాడు. జనం చలికి చచ్చిపోతున్నారు."

*అదే వేదిక, ఆరు నిమిషాల తర్వాత.*

"అన్నా! ఆపు! అయిపోయింది!... అన్నా, పాట అయిపోయింది!... డెల్ఫిన్! సిప్రియానో, నువ్వు వెళ్ళు. వెళ్ళి భుజం పట్టుకో, గట్టిగా పట్టుకో. నా మాట చేరట్లేదు."

"ఆ! ఎవరు? సిప్రియానో? ఏంటి, ఎందుకు పట్టుకున్నావ్?... అయిపోయిందా?"

"ఎప్పుడో అయిపోయింది అన్నా. దిగు. విరామం అని చెప్పేశాను. దిగు, కిందకి దిగు."

*మళ్ళీ టార్పాలిన్ కింద.*

"డెల్ఫిన్ అన్నా! అదరగొట్టావ్! అందరూ ఆపేశాక నువ్వొక్కడివే అలా వాయిస్తూ పోయావ్ చూడు, జనం దుప్పట్లలోంచి చేతులు బయటికి తీసి మరీ చప్పట్లు కొట్టారు. ఈ చలిలో చెయ్యి బయటికి తియ్యడమంటే మాటలా? రెండో విడతలో మళ్ళీ కావాలట."

"గాస్పర్, నువ్వు వెళ్ళు."

"అది కాదు మార్సెలా అక్కా, ముందు వరసలో సర్పంచ్‌గారు కూడా..."

"గాస్పర్! మా అన్నకి ఏదైనా వేడివేడిగా తినడానికి చూడు. పొగబెట్టిన మాంసం ముక్కలు వేసిన పులుసేదో కాస్తున్నారుగా అక్కడ. అది పట్టుకురా. తొందరేం లేదు. మెల్లగా రా."

"సరే అక్కా. వస్తా."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పు అన్నా."

"ఏం చెప్పను? చలి. ఇలా చూడు, వేళ్ళు నీలంగా అయిపోయాయి. డ్రమ్ము తోలు కూడా చెక్కలా గట్టిపడింది. కొడితే కర్ర ఎగిరొస్తోంది. అదొకటి, పరుపొకటి. చెప్తూనే ఉన్నా పరుపు వద్దని."

"పాట అయిపోయాక కూడా వాయిస్తూనే ఉన్నావ్. చలికి చేతులు ఆగిపోతాయి కానీ, ఆగకుండా పోతాయా?"

"జనానికి నచ్చిందన్నాడు కదా గాస్పర్."

"నేను నిన్ను మూడుసార్లు అరిచి పిలిచాను."

"టోపీ ఉంది కదా, చెవుల మీద. దళసరి ఉన్ని. ఒక్కోసారి వినపడదు."

"సరే. మఫ్లర్ మళ్ళీ కట్టుకుంటున్నా, చలేస్తోంది. అన్నా... మీ ఇల్లు తగలబడుతోంది."

"ఆ, అలాగే."

"కుక్క కూడా లోపలే ఉండిపోయింది."

"సరేలే, చూద్దాం."

"అన్నా."

"ఏంటి, అలా చూస్తావేంటి? మఫ్లర్ ఎందుకు తీశావ్? ఏడుస్తున్నావా?"

"మీ ఇల్లు తగలబడుతోంది అన్నాను. నువ్వు అలాగే అన్నావు. ఎప్పట్నుంచి?"

"నెమ్మదిగా చెప్పు. పెదవులు పూర్తిగా తెరిచి చెప్పు."

"ఎ-ప్ప-ట్నుం-చి?"

"కుడి చెవి ఓడల మీద వాయించే రోజుల్లోనే సగం పోయింది. దాని సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు, ఎడమది ఉంది కదా అని. ఎడమది మొన్న వానల్లో పోయింది. జూన్‌లో. ఒకరోజు పొద్దున వాన పడుతోందనుకుని, తడుస్తాయని బయట బట్టలు తీద్దామని వెళ్ళాను. ఎండ కాస్తోంది. వాన నా లోపల పడుతోంది. రేకుల మీద పడినట్టు. అప్పట్నుంచి అది ఆగలేదు."

"ఏడు నెలలు! ఏడు నెలల నుంచి మాతో వాయిస్తున్నావ్!"

"నీ ఎడమ మడమ."

"నా మడమేంటి?"

"నువ్వు పాడేటప్పుడు నీ ఎడమ మడమ నేలని కొడుతుంది. నీకు తెలీదు. పదకొండేళ్ళుగా చూస్తున్నా, ఒక్కసారి కూడా అది తప్పు కొట్టలేదు. అది కనపడితే నాకు చాలు. మిగతాదంతా చెక్క పలకల్లోంచి పాదాల్లోకి, నడుములోకి వచ్చేస్తుంది. ఈరోజు మంచుకి నీ మడమ పోయింది. పరుపుకి నేల పోయింది."

"అయ్యో... నేనే కదా పరుపు ఉండనీ అన్నది."

"నీకేం తెలుసు? తెల్లగా ఉంది మార్సెలా అక్కడ. గోడల్లేని గదిలో కూచోబెట్టినట్టు. మీరున్నారో లేదో తెలీదు. జనం ఉన్నారో లేదో తెలీదు. చేతులు కదులుతున్నాయి కాబట్టి వాయిస్తున్నాననుకున్నా. ఆపితే, ఆపాల్సిన చోటు కాకపోతే? అందుకని ఆపలేదు. సిప్రియానో చెయ్యి భుజం మీద పడ్డప్పుడు ప్రాణం లేచొచ్చింది, నిజంగా. ఒక మనిషి చెయ్యి."

"ఎవరికైనా చెప్పాలి కదన్నా. కనీసం నాకు."

"చెప్తే? చెవిటివాణ్ణి డ్రమ్ముల ముందు ఎవరు కూచోబెడతారు? అప్పుడు నాకు ఆదివారం ఏముంటుంది? ఇల్లు. ఇంట్లో కుక్క. అది మొరిగితే నోరు తెరవడం కనపడుతుంది, అంతే. చలికాలం వచ్చిందంటే నాకు పండగ, తెలుసా? చెవుల మీద ఉన్ని టోపీ వేసుకుంటే, ఏంటి ఏంటి అని రెండుసార్లు అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. అందరూ అలాగే అడుగుతారు. ఎండాకాలం ఎలా గడపాలా అని ఇప్పట్నుంచే బెంగ."

"మరి వదిన ఫోన్?"

"ఏంటి?"

"వ-ది-న. ఫోన్."

"మోగితే వణుకుతుంది కదా. చేత్తో పట్టుకుంటా. ఆగేదాకా పట్టుకునే ఉంటా."

"ఎత్తొచ్చు కదన్నా!"

"ఎత్తాను. మొదట్లో ఎత్తాను. తను ఏదో చెప్తుంది, నేను ఆ, బాగున్నా, తిన్నా అంటాను. చాలాసార్లు సరిపోయేది. భార్యాభర్తల మాటలు అన్నీ ఒకేలా ఉంటాయి కదా. తర్వాత ఆగస్టులో ఒకసారి చేసి చాలాసేపు మాట్లాడింది. నేను మధ్యలో మంచిదే, మంచిదే అన్నాను. వాళ్ళమ్మ పోయిందని చెప్తోందట."

"దేవుడా."

"తర్వాత తనే మెసేజ్ పెట్టింది. 'మంచిదా?' అని. అదొక్కటే మాట. ఆరోజు నుంచి ఎత్తడం మానేశాను. సిగ్నల్ లేదని రాస్తా. వీడియో అంటే కెమెరా పగిలిందని రాస్తా. బొమ్మ ఆగి ఆగి వస్తుంది, పెదవులు అందవు."

"ఆవిడ ఏమనుకుందో తెలుసా నీకు? నీకు ఇంకో ఆడమనిషి ఉందనుకుంది. ఎవరనుకుంటున్నావ్? నేను!"

"నువ్వా!"

"అన్నా అన్నా అని పిలుచుకు చచ్చేదాన్ని, నేనే దొరికాను. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. మా ఆయన ఎదురుగా నిలబడి ప్రమాణం చేస్తే అప్పుడు నమ్మింది. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో. నవ్వకు! నవ్వొస్తోందా నీకు?"

"నవ్వట్లేదు. నువ్వు ప్రమాణం చేస్తున్నట్టు ఊహించుకున్నా."

"రాయొచ్చు కదన్నా ఆవిడకి? నాకు వినపడట్లేదు అని రెండు మాటలు."

"రాస్తే ఆ రాత్రే మూట సర్దుకుంటుంది. నాకు తెలుసు. జాలితో వచ్చి, నా పక్కన కూచుని, గట్టిగా గట్టిగా అరుస్తుంది. జాలితో రాకూడదు మార్సెలా. రావాలని ఉండి రావాలి. మూడేళ్ళ కాగితం ఈ నెలతో అయిపోతుంది. అయిపోయాక తనే వస్తుంది కదా, వచ్చాక చూసుకుందాంలే అనుకున్నా."

"అన్నా... ఆగు. ఇందాక, మనం వేదిక ఎక్కకముందు నేను ఒకటి అడిగాను. నువ్వు డ్రమ్ము బిగిస్తున్నావ్. నీకు ఏం వినపడింది?"

"ఎప్పుడు? టీ తాగాకా? సంత గురించి."

"సంత గురించా?"

"సంత పెట్టాలా వద్దా అని కమిటీవాళ్ళు తర్జనభర్జన పడుతున్నారని ఏదో అన్నావు కదా. వచ్చే ఏడాది సంగతేమో అనుకున్నా. నీ మాటలో సంత, పెట్టనా, ఆ రెండే అందాయి. మూతికి మఫ్లర్ కట్టుకుంటే ఇంకేం అందుతాయి? పెట్టెయ్యమన్నాను. ఎందుకలా అయిపోయావ్?"

"నా పెదవులు చూడు. సరిగ్గా చూడు. సంత కాదు. సం-త-కం."

"సంతకం."

"లుది వదిన సంతకం. తైవాన్‌లో ఇంకో మూడేళ్ళు ఉండటానికి. పెట్టనా, ఇంటికొచ్చెయ్యనా అని నిన్ను అడగమంది."

"నేనేమన్నాను?"

"పెట్టెయ్యమన్నావు. అడగడం ఎందుకు అన్నావు. ఎప్పుడూ ఉండేదే కదా, కొత్తేముంది అన్నావు."

"నువ్వు చెప్పలేదు కదా? మార్సెలా? చెప్పలేదు కదా?"

"చెప్పాను. అక్షరం మార్చలేదు. నీ మీద కోపంతో ఒక్క అక్షరం కూడా మార్చలేదు."

"ఎన్నింటిదాకా టైముంది?"

"ఐదింటిదాకా. ఇప్పుడు నాలుగూ ముప్పావు. ఫోన్ నా దగ్గరే ఉంది కానీ ఇందాక ఉన్న ఒక్క సిగ్నల్ గీత కూడా మంచు కమ్మాక పోయింది, చూడు. లే అన్నా. అదిగో, ఆ క్యాబేజీ లారీ మీదెక్కితే అందుతుందని అందరూ అంటున్నారు. లే!"

*సంత చివర నిలిపిన లారీ మీద, క్యాబేజీ బస్తాల పైన. మంచు ఇంకా చిక్కబడింది.*

"చెయ్యి ఇవ్వు అన్నా. ఆ బస్తా మీద కూచో. నా మొహం కనపడుతోందా? మఫ్లర్ తీసి పారేశాను. కలుపుతున్నా."

"మోగుతోందా?"

"మోగుతోంది."

"ఎత్తిందా?"

"లేదు... ఇంకా లేదు... ఆ! ఎత్తింది! వదినా, నేను మార్సెలాని, ఉండు, పెట్టెయ్యకు. మీ ఆయన మాట్లాడతాడు. మాట్లాడు అన్నా!"

"లుదీ... లుదీ, నేను. ఏమంటోంది?"

"'ఎవరు?' అని అడుగుతోంది."

"ఎవరేంటి? నా గొంతు కూడా మర్చిపోయిందా?"

"ఆగస్టు నుంచి వినలేదు కదన్నా. ఇప్పుడు పోల్చుకుంది. ఎందుకు వణుకుతున్నావ్ అని అడుగుతోంది."

"చలి అని చెప్పు."

"నువ్వే చెప్పు! ఆవిడకి వినపడుతుంది. వినపడనిది నీకు."

"చలి లుదీ. లారీ మీద ఉన్నా. క్యాబేజీల మీద. అది కాదు. లుదీ, నాకు వినపడదు. రెండు చెవులూ పోయాయి. జూన్ నుంచి. నువ్వు ఇప్పుడేమన్నా నాకు తెలీదు, మార్సెలా పెదవులు చూసి తెలుసుకోవాలి. మీ అమ్మ పోయిందని చెప్పినప్పుడు మంచిదే అన్నాను చూడు, అది నేను అనలేదు. అంటే... అన్నాను. దానికి కాదు అన్నది. నువ్వు ఏదో ఇంటి సంగతి చెప్తున్నావనుకుని అన్నాను. మీ అమ్మ నాకు ఎంత... లుదీ? ఏమంటోంది మార్సెలా?"

"ఏమీ అనట్లేదు."

"లైన్ ఉందా?"

"ఉంది. ఊపిరి వినపడుతోంది."

"ఎలా ఉంది?"

"ఏంటి ఎలా ఉంది?"

"ఊపిరి. ఎలా వినపడుతోంది?"

"ఎలా అంటే... పనిలోంచి పరిగెత్తుకొచ్చి ఎత్తినట్టుంది అన్నా. ఇంకా ఆయాసం తగ్గలేదు."

"అవును. తను ఎప్పుడూ అంతే, పరిగెత్తుకొచ్చే ఎత్తుతుంది. లుదీ, ఇక్కడ ఎవరూ లేరు. ఆడవాళ్ళూ లేరు, మగవాళ్ళూ లేరు. కుక్క ఉంది. అది కూడా నాతో విసిగిపోయింది. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను పట్టుకునే ఉన్నాను. ఆగేదాకా. ఇందాక పెట్టెయ్యమన్నది సంతకం గురించి కాదు. సంత గురించి! కూరగాయల సంత! ఈ మార్సెలా మూతికి గుడ్డ కట్టుకుని అడిగింది."

"నవ్వుతోంది అన్నా... ఏడుస్తోందో. రెండూ చేస్తోంది. నన్ను క్షమించమంటోంది, నా గురించి అనుకున్నవాటికి. నేను తర్వాత తిడతానులే వదినా, ముందు ఆయన మాట విను."

"జాలిపడి రాకు అని చెప్పు. ఉండు, నేనే చెప్తా. లుదీ, నువ్వు జాలిపడి రావడం నాకు ఇష్టం లేదు. అందుకే చెప్పలేదు ఇన్నాళ్ళూ. అలా వస్తే... అలా వస్తే..."

"చెప్పు అన్నా."

"ఇవాళ వేదిక మీద ఒక్కణ్ణే ఉండిపోయాను లుదీ. అందరూ ఆపేశారు, నాకు తెలీలేదు. చాలాసేపు. వాయిస్తూనే ఉన్నా. అదొక్కసారి కాదు, ఇంట్లో కూడా అంతే. రోజంతా అంతే. అందుకని... జాలిపడైనా రా. పర్లేదు. జాలిపడే రా. పక్కన కూచుని అరిచినా పర్లేదు, నీ నోరు కదులుతుంటే చూస్తా. సంతకం పెట్టకు. ఇంటికొచ్చెయ్."

"మార్సెలా అక్కా! డెల్ఫిన్ అన్నా! అదేంటి లారీ ఎక్కారు? పులుసు చల్లారిపోతోంది. జనం అడుగుతున్నారు, ఆ ఒక్కడే వాయించింది మళ్ళీ ఎప్పుడని!"

"గాస్పర్, ఒక్క నిమిషం! వస్తున్నామని చెప్పు. ఆ పరుపు తీసెయ్యి. గోనె సంచులు కూడా. ఉత్త చెక్క చాలు."

"ఏమన్నాడు గాస్పర్?"

"ఏం లేదన్నా. మనల్ని రమ్మంటున్నాడు."

"అది సరే. లుది ఏమంది? మార్సెలా, ఇటు తిరుగు. నీ మొహం నాకు కనపడాలి. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నావు, తను ఏదో చెప్తోందిగా, చాలాసేపట్నుంచి చెప్తోంది. నీ పెదవులు కదలట్లేదు. ఐదు కాలేదుగా ఇంకా? చెప్పు. ఏమంది?"

"పొద్దున తొమ్మిదింటికే సంతకం పెట్టేసిందట అన్నా. రమ్మంటావో లేదో చూద్దామని, ఊరికే అడిగిందట."